జాలి పడే ముందు ఫొటోను చూడనివ్వండి

వలస కూలీల పాత ఫొటోలు చూపిస్తే మీ ఎనిమిదో తరగతి పిల్లలు "పాపం, పేదవాళ్ళు" అని ఒక్క మాటతో ఊరుకుంటున్నారని, అంతకు మించి చూడటం ఎలా నేర్పాలని అడిగారు. ఒడిశాలోని బరంపురంలో తెలుగు పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. జాలి చెడ్డదని అనను. కానీ అది ముందే వచ్చేస్తే కళ్ళు పని మానేస్తాయి. దాన్ని కాసేపు ఆపాలి.

మొదట ఫొటో కింది వివరణ కప్పేయండి. ఫొటో మీద కూడా కాగితం పరిచి ఒక మూల మాత్రమే తెరవండి. చేతులు, పాదాలు, బట్టల కుట్లు, నేల, నీడ పడిన దిక్కు, ఇలా కంటికి కనిపించినవే చెప్పాలి. "బాధపడుతోంది" అని ఎవరైనా అంటే, ఎక్కడ కనిపించిందని అడగండి. నుదుటి మీద ముడత చూపిస్తారు. ఎండకు కళ్ళు చిట్లించిందేమో అని మరొకరు అంటారు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.

'మైగ్రెంట్ మదర్' (వలస తల్లి) పేరుతో ప్రసిద్ధమైన, ఒక తల్లీ పిల్లల ఫొటోకు నేను ఎక్కువ సమయం ఇస్తాను. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల శిబిరంలో డొరొథియా లాంగ్ అమెరికా ప్రభుత్వం తరఫున తీశారు. ముందు దాన్ని ఒక్కటే చూపి, ఆ తరువాత అక్కడే ఆమె తీసిన మిగతావి చూపండి. దూరం నుంచి తీసినవాటిలో గుడారం, పెద్ద కూతురు ఉంటారు. ప్రసిద్ధమైన ఫొటోలో లేరు. ఎవరిని ఉంచాలో, ఎవరిని వదిలేయాలో ఫొటో తీసేవారే ఎంచుకుంటారని మనం చెప్పనక్కరలేదు, పిల్లలే పట్టేస్తారు. గుడారపు గుంజ మీద ఉన్న బొటనవేలిని తరువాత నెగటివులో చెరిపేశారు. ఆ కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని లాంగ్ రాశారు. అది నిజం కాదని ఆ ఇంటివాళ్ళు చెప్పారు. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గాని లోకానికి తెలియలేదు. ఫొటోలు పత్రికలో వచ్చాక శిబిరానికి ఆహారం చేరింది, అప్పటికే ఆ కుటుంబం వెళ్ళిపోయింది. మరి ఆ ఫొటో వల్ల మేలు ఎవరికి జరిగింది? ఈ ప్రశ్న మీద మా తరగతిలో గంట కొట్టినా వాదన ఆగలేదు.

అక్కడితో వదిలేస్తే మాత్రం వలస అంటే ఎక్కడో అమెరికా సంగతి అనుకుంటారు. మాది గంజాం జిల్లా. గోపాల్‌పూర్ రేవు నుంచి బర్మాలోని రంగూన్‌కు ఓడలు నడిచిన కాలంలో, కూలీలను కుదిర్చే మేస్త్రీల దగ్గర బయానా తీసుకుని ఇక్కడివాళ్ళు బియ్యం మిల్లులకు, రేవు పనులకు వెళ్ళారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఆ ముందటి ఏడాది మే నెలలో అక్కడ జరిగిన అల్లర్లకు మూలం రేవులోని తెలుగు కూలీల సమ్మె. 1942లో జపాన్ సేనలు వచ్చాక లక్షల మంది బర్మా విడిచారు, ఎందరో కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు.

అందుకని పిల్లలకు రెండు రకాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపుతాను. ఒకటి ఆ రోజుల్లో రంగూన్‌లో అమ్మిన బొమ్మల పోస్టుకార్డు. దాని మీద మనిషి పేరు ఉండదు, "కూలీ" అని మాత్రమే ఉంటుంది. రెండోది పిల్లల ఇళ్ళలో దాచుకున్న స్టూడియో ఫొటో: తలపాగా, కోటు, చేతిలో గొడుగు, వెనుక రంగులు వేసిన తెర. ఆ కోటు అతనిదా, స్టూడియోదా? భుజాల దగ్గర సరిపోయిందా? కాళ్ళకు చెప్పులున్నాయా? పోస్టుకార్డులో అతను ఎలా కనిపించాలో అమ్మేవాడు తేల్చాడు. స్టూడియోలో తన కూలి డబ్బు పెట్టి తానే తేల్చుకున్నాడు. పిల్లలకు లాంగ్ ఫొటో కన్నా ఇదే బాగా పట్టుబడుతుందని నా నమ్మకం. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే నాన్నలు ఫోనులో పంపే ఫొటోలకూ ఇవే ప్రశ్నలు వేయించండి.

ఫొటో వెనుక వైపు తప్పక చూడాలి. గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది. స్టూడియో ముద్రలో మద్రాసు అని ఉంటే అంతకు ముందుదని ఊహించవచ్చు, కానీ పాత ముద్రను తరువాతా వాడి ఉండవచ్చు. ఊహకూ రుజువుకూ నోటుపుస్తకంలో వేరువేరు గడులు గీయించండి.

ఇళ్ళలోని ఫొటోలను బడికి తెప్పించకండి, పాత కాగితం చిరుగుతుంది. పెద్దలను అడిగి ముందూ వెనుకా ఫోనులో తీసుకురమ్మనండి. 1942 గురించి చెప్పడానికి వాళ్ళు ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దని కూడా ముందే చెప్పండి. లాంగ్ ఫొటోలు అమెరికాలోని పెద్ద గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద సైజువి దింపుకుంటే చేతుల దగ్గరి వివరాలు వెనుక బెంచీ పిల్లలకూ స్పష్టంగా కనిపిస్తాయి.