ఓనర్ పాత రంగు గీకిస్తున్నారు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది: పని ఆపించవచ్చా?

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత మేడ కింది వాటాలో అద్దెకుంటున్నాం. ఓనర్ గారు పైన ఉంటారు. వాళ్లబ్బాయి పెళ్లని ఇంటికంతా రంగులు వేయిస్తున్నారు. తలుపులు, కిటికీలు, మెట్ల గ్రిల్ మీద పేరుకున్న పాత పెయింటును మెషిన్ పెట్టి గీకుతుంటే దుమ్మంతా మా వంటింట్లోకి వస్తోంది. పాపకు రెండేళ్లు, నా భార్య గర్భవతి. పాత పెయింటులో సీసం ఉంటుందట కదా అని అడిగితే, ‘ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి’ అన్నారు. పని ఆపించే హక్కు నాకుందా?

జవాబు: చట్టం సంగతి తర్వాత. ముందు పాపనూ, మీ భార్యనూ కొన్నాళ్లు బంధువుల ఇంటికి పంపండి. రేపు కోర్టు ఉత్తర్వు వచ్చినా, ఇవాళ ఒంట్లోకి పోయిన దుమ్మును అది బయటికి తీయలేదు. సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదనే లెక్క ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, తల్లి రక్తం నుంచి కడుపులో బిడ్డకూ చేరుతుంది. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. డాక్టర్ గారిని అడిగి ఇద్దరికీ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు, బిల్లు జాగ్రత్తగా దాచండి.

ఇక చట్టం. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. కానీ అవి తయారీకి, అమ్మకానికి, దిగుమతికి వర్తించేవి. ముప్పై నలభై ఏళ్ల కిందట తలుపుకు వేసిన రంగును ఎలా గీకాలో వాటిలో ఒక్క ముక్కా లేదు. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, సీసం గురించి తెలిసినదంతా ఓనర్ ముందే రాసివ్వాలి. అలాంటి ఇళ్లలో పాత రంగు గీకే కాంట్రాక్టరుకు సర్టిఫికెట్ ఉండాలి. మనకూ ఇలాంటి చట్టం రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి. అది వచ్చేదాకా ఉన్న చట్టాలతోనే నెట్టుకురావాలి.

రంగులు వేయించుకోవడం ఓనర్ హక్కు. మొత్తం పనే ఆపమంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. కానీ పని జరిగే తీరును మీరు ప్రశ్నించవచ్చు. అద్దె సక్రమంగా కడుతున్నవాళ్లు ఏ ఆటంకం లేకుండా ఇంట్లో ఉండొచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ‘ఖాళీ చేయండి’ అన్న మాటకు టెన్షన్ పడకండి. నోటీసు ఇచ్చి, కోర్టు ఉత్తర్వు తెచ్చుకోకుండా మీ సామాన్లు బయట పెట్టించడానికి వీల్లేదు. అద్దె మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి. కోపంలో అద్దె ఆపేసి, గెలవాల్సిన గొడవ పోగొట్టుకున్న అద్దెదారులు చాలామంది ఉన్నారు.

అసలు సీసం ఉందో లేదో తేలాలి. సున్నం, డిస్టెంపర్ కంటే నూనె రంగులతోనే, అంటే తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్‌తోనే ఎక్కువ అనుమానం. అందులోనూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో. ఓనర్ గారి ఎదుటే రూపాయి బిళ్లంత పెచ్చు తీయించండి. చెక్క కనిపించేదాకా తీయాలి, ఎందుకంటే పాత పొరలు అడుగునే ఉంటాయి. దాన్ని కవర్లో పెట్టి అంటించి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేసి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. ఆయన సంతకం పెట్టనంటే వీడియో తీసుకోండి.

రిపోర్టు కోసం ఆగకుండా ఇవాళే వాట్సాప్‌లో, తర్వాత స్పీడ్ పోస్టులో ఇలా రాయండి: ‘అయ్యా, మీ ఇంటి శుభకార్యానికి మేం అడ్డు కాదు. పాత పెయింటును మెషిన్‌తోనూ, మంట పెట్టీ తీయించవద్దు. నీళ్లు చల్లి తడిపి, చేత్తో గీకించండి. కింద పట్టా పరిచి, మా కిటికీల వైపు ప్లాస్టిక్ షీటు కట్టించండి. సాయంత్రం చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించండి. ఇంట్లో గర్భవతి, పసిపిల్ల ఉన్నారని మీకు తెలియజేస్తున్నాను.’ ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ‘నాకు తెలియదు’ అని రేపు ఆయన అనలేరు.

నిజానికి ఆ దుమ్ము ఎక్కువగా పీల్చేది మొహానికి తువ్వాలు చుట్టుకుని గీకే పెయింటర్లే. తువ్వాలు సీసం దుమ్మును ఆపదు. ఆ బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. మేస్త్రితో మీరు నేరుగా ఈ మాట చెప్పండి, ఓనర్ కంటే ముందు ఆయనే వింటారేమో.

అప్పటికీ మారకపోతే, ఈ పద్ధతిలో గీకకుండా తాత్కాలిక ఇంజంక్షన్, అంటే కేసు తేలేదాకా ఆపమనే కోర్టు ఉత్తర్వు కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. విష పదార్థంతో నిర్లక్ష్యంగా ప్రాణాపాయం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 286వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. కానీ పెళ్లింటి మీదకు పోలీసుల్ని పంపడం మొదటి మెట్టుగా నేను సలహా ఇవ్వను. మీరు అదే ఇంట్లో ఉండాలి కదా.

దానికంటే ముందు కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీకి వెళ్లండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. మీ భార్య పేరుతో అర్జీ పెడితే, దావా వేయకముందే ఓనర్ గారిని పిలిపించి రాజీకి ప్రయత్నిస్తారు. ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు అద్దె రసీదులు, వాట్సాప్ మెసేజ్ ప్రింటు, పోస్టు రసీదు, డాక్టర్ చీటీ వెంట తీసుకెళ్లండి.