క్రానిక్ గ్యాస్ట్రైటిస్ ఉంటే కూరగాయలు తినొచ్చా, మానేయాలా?

తినొచ్చండి. క్రానిక్ గ్యాస్ట్రైటిస్ అంటే జీర్ణాశయం లోపలి పొరకు చాలాకాలంగా ఉండే వాపు. కూరగాయలు బాగా తింటే జబ్బే పోతుందన్నవాళ్ళ మాటా, పూర్తిగా మానేయమన్నవాళ్ళ మాటా రెండూ పక్కన పెట్టండి. ఎండోస్కోపీలో నాకూ ఇదే తేలినప్పుడు ఈ రెండు రకాల సలహాలూ విన్నాను.

ముందు జబ్బు ఎందుకొచ్చిందో తెలియాలి. ఎక్కువమందిలో దీనికి కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని డాక్టర్లే నమ్ముతున్న రోజుల్లో, 1982లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని బయటపెట్టారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగేసి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. క్యారెట్లూ బీట్‌రూట్లూ ఎన్ని తిన్నా ఆ బ్యాక్టీరియా చావదు, దానికి యాంటీబయాటిక్ కోర్సు వాడాల్సిందే. నేనూ వాడాను. మీకు ఆ బ్యాక్టీరియా పరీక్ష చేశారో లేదో మీ ప్రశ్నలో రాయలేదు, అడిగి తెలుసుకోండి. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు వారాల ముందు ఆపమంటారు, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. సొంతంగా మాత్రం ఆపకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తరచూ వేసుకునే అలవాటుంటే అదీ డాక్టరుకు చెప్పండి.

ఇక తిండి సంగతి. మంట ఎక్కువగా ఉన్నన్నాళ్ళూ నాకు పచ్చి సలాడ్ అస్సలు పడలేదు. అవే కూరగాయలు ఉడికించి తింటే ఇబ్బంది ఉండేది కాదు. బీన్స్‌కి పీచు తీసి, గరిటెతో నొక్కితే మెత్తగా చిదిగేదాకా ఉడికించేవాళ్ళం. సొరకాయ, బీరకాయ, గుమ్మడి హాయిగా దిగేవి. టమాటా, కారం తగ్గించాను. ఇది నా కడుపు లెక్క, మీది వేరుగా ఉండొచ్చు. కాబట్టి ఒక్కొక్కటే కొంచెంగా తిని చూసుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ తిన్నాక ఉబ్బరం వస్తే కడుపులో పుండు పెరిగిపోతోందని టెన్షన్ పడకండి. ఆ గ్యాస్ ఎక్కువగా తయారయ్యేది పెద్దపేగులో, జీర్ణాశయంలో కాదు.

క్యాబేజీ రసం తాగమని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దాని మూలం 1949లో అమెరికాలో గార్నెట్ చేనీ అనే డాక్టరు 13 మంది అల్సర్ రోగుల మీద చేసిన చిన్న ప్రయత్నం. దాన్ని నమ్ముకుని మందులు మానేయడం నా దృష్టిలో శుద్ధ తెలివితక్కువ.

అలాగని కూరగాయల వల్ల లాభం లేదని కాదు. ఏళ్ళ తరబడి వాపు ఉన్న జీర్ణాశయంలో లోపలి పొర పలచబడి, కొద్దిమందిలో అది క్యాన్సర్ దాకా వెళ్తుంది. తాజా కూరగాయలు, పండ్లలోని విటమిన్ సి కడుపులో నైట్రోసమైన్లనే హానికర పదార్థాలు తయారవకుండా అడ్డుపడుతుంది. అవే కూరగాయలు ఉప్పులో ఊరబెట్టి రోజూ తింటే మాత్రం ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి చెప్పేది పండ్లూ కూరగాయలూ కలిపి కనీసం 400 గ్రాములు. మంట తగ్గాక మెల్లగా అక్కడికి చేరుకోవచ్చు.

మలం నల్లగా రావడం, ఊరికే బరువు తగ్గిపోవడం ఉంటే ఇక్కడ జవాబుల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఇంకోటి, మీ బయాప్సీ (కడుపు పొర నుంచి తీసిన చిన్న ముక్క పరీక్ష) రిపోర్టులో 'అట్రోఫిక్', అంటే పొర పలచబడింది అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే విటమిన్ బీ12 పరీక్ష కూడా చేయించమని అడగండి. ఆ దశలో తిండిలోని బీ12 ఒంటికి సరిగా పట్టదు, పైగా అది కూరగాయల్లో దొరికేదీ కాదు.