నోటి మాటకు బలం ఎక్కడిది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. ఈమధ్య ఒక ఉపవాస కూడికలో, "నాకు షుగర్ ఉందని నోటితో అనొద్దు, అంటే రోగాన్ని మీరే పిలుచుకున్నట్టు. స్వస్థత పొందానని ప్రకటించండి" అని చెప్పారట. అప్పటినుంచి మాత్రలు మానేసింది. అడిగితే "జీవమరణములు నాలుక వశము" అని సామెతలు 18:21 చూపిస్తోంది. ఏం చెప్పాలి?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ముందు మాత్రల సంగతి చూద్దాం. అమ్మగారిని ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, పాత మందుల చీటీ వెంట ఉంచండి. మానేసినవాటికి బదులుగా ఒకేసారి రెండేసి మాత్రలు వేయకూడదు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి రక్తపరీక్ష, దాంతోపాటు సుమారు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. ఆవిడ ఇన్సులిన్ వాడే మనిషైతే ఒక్కరోజు కూడా ఆగొద్దు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే. మాత్ర మానిన కొత్తల్లో చాలామందికి ఒంట్లో ఏ తేడా తెలియదు. దాన్నే స్వస్థత అనుకుంటారు. ఈలోగా కళ్లు, కిడ్నీలు, కాళ్ల నరాలు నెమ్మదిగా దెబ్బతింటాయి.

ఇక వాక్యం. ఆ ఒక్క వచనం కాదు, 18వ అధ్యాయం మొత్తం అమ్మగారితో కలిసి గట్టిగా చదవండి. వినకముందే జవాబిచ్చేవాడి మూఢత, కొండెగాడి మాటలు, వ్యాజ్యంలో ముందు మాట్లాడినవాడే న్యాయంగా కనిపించడం – అక్కడున్నవన్నీ మనుషుల మధ్య నడిచే మాటలు. నాలుక ఎలా చంపుతుందో 1 రాజులు 21లో ఉంది. ఇద్దరు అబద్ధ సాక్షులు నోరు తెరిచారు, నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. ఆ వచనం అలాంటి నోటికి హెచ్చరిక. ఒంట్లో ఉన్న జబ్బును పేరు పెట్టి చెప్పుకుంటే అది ముదురుతుందని అందులో లేదు.

జబ్బు పేరు ఎత్తడమే అవిశ్వాసమైతే కీర్తనల గ్రంథంలో చాలా పేజీలు చింపేయాలి. ఆరో కీర్తనలో దావీదు తన ఎముకలు అదురుతున్నాయనీ, రాత్రంతా కన్నీటితో పరుపు తడుస్తోందనీ దేవుడికే చెప్పుకున్నాడు. గుడ్డివాడైన బర్తిమయిని యేసు "నీకేం కావాలి?" అని అడిగితే, చూపు కావాలన్నాడు తప్ప కళ్లు బాగానే ఉన్నాయని ప్రకటించలేదు. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు. నోటి ప్రకటనతోనే పని జరిగేదైతే పౌలుకు ఆ సంగతి తెలియకుండా ఉండేదా?

అమ్మగారి విశ్వాసాన్ని మాత్రం చిన్నబుచ్చకండి. దేవుడు స్వస్థపరుస్తాడని ఆవిడ నమ్మడం మంచిదే. యేసు ఒక కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకునికి చూపించుకోమన్నాడు (మార్కు 1:44). శరీరాన్ని పరీక్షించి శుద్ధుడని తేల్చే పని ఆ రోజుల్లో యాజకుడిది. నిజమైన స్వస్థతకు పరీక్ష అంటే భయం లేదు. షుగర్ తగ్గితే రిపోర్టులో తెలుస్తుంది, అప్పుడు మాత్రలు తగ్గించేది డాక్టరే. ప్రార్థనలో ఆవిడ ఇలా అనవచ్చు: "ప్రభువా, నాకు షుగర్ ఉంది. ఇవాళ పరగడుపున 210 వచ్చింది. భయంగా ఉంది. నువ్వు బాగుచేయగలవు, బాగుచేయమని అడుగుతున్నాను. ఈ మాత్ర వేసుకుంటున్నాను, దీన్ని దీవించు." యాకోబు 5:14 ప్రకారం సంఘ పెద్దల్ని ఇంటికి పిలిచి నూనె రాసి ప్రార్థన చేయించండి. మందులు మానమని ఆ వచనంలో ఎక్కడా లేదు.

ప్రశ్న: మరి మార్కు 11:23లో కొండతో 'లేచి సముద్రంలో పడు' అనమన్నాడు కదా? "చెప్పినది జరుగును" అన్నది యేసు మాటే కదా?
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: యేసు మాటే, దాన్ని తగ్గించి చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ 23కు ముందు 22 ఉంది: "మీరు దేవునియందు విశ్వాసముంచుడి." కొండ కదిలేది అక్కడినుంచి. తర్వాత 24 ప్రార్థనలో అడగడం గురించి, 25 ఎదుటివాడిని క్షమించడం గురించి. కొండకు చెప్పే మాట ఈ మూడింటి మధ్యలో కూర్చుని ఉంది. దాన్ని ఒక్కదాన్నే పెరికి తీస్తే మిగిలేది మన సొంత గొంతు బలమే. అదే సువార్తలో, మూడు అధ్యాయాల తర్వాత, గెత్సేమనేలో యేసు తన శ్రమల గిన్నె తొలగించమని అడిగి, నా ఇష్టం కాదు నీ చిత్తమే కానిమ్మన్నాడు. ఆయన విశ్వాసం చాలలేదని ఎవరనగలరు?

ఈ "నోటితో ప్రకటిస్తే వస్తుంది" అన్న బోధ మన ఊళ్లలో పుట్టింది కాదు. అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948) రాతల్లో మొలిచింది. కెన్నెత్ హేగిన్ (1917–2003) దాన్ని ఈ మార్కు వచనాల మీద కట్టి ప్రపంచమంతా పాకించాడు. దైవస్వస్థతను గట్టిగా నమ్మే పెంతెకొస్తు సంఘమైన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్, అమెరికాలోనే 1980లో దీనిమీద హెచ్చరిక పత్రం వెలువరించింది. స్వస్థతను నమ్మనివాళ్ల అభ్యంతరం కాదది, నమ్మేవాళ్లది.

ఈ బోధకులు ఎక్కువగా చూపించే ఇంకో వచనం రోమా 4:17, లేనివాటిని ఉన్నట్టుగా పిలవడం. అక్కడ పిలిచేది దేవుడు. అబ్రాహాము చేసింది ఆయన్ని నమ్మడం. పైగా తన శరీరం మృతతుల్యమైందని అబ్రాహాము ఎరుగుననే ఆ తర్వాత 19వ వచనం చెబుతోంది, కళ్లు మూసుకున్నాడని చెప్పదు.

ఈ బోధలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది చివర్లో జరిగేది. రోగం తగ్గకపోతే, "నీ నోట ఎక్కడో అవిశ్వాసపు మాట వచ్చింది" అని రోగి మీదే నేరం మోపుతారు. మంచాన ఉన్న మనిషి నిన్న ఏమన్నానో, మొన్న ఏమన్నానో అని తన మాటలు తానే వెతుక్కుంటూ పడుకుంటాడు. యోబు స్నేహితులు చేసిందీ ఇదే. చివరికి దేవుడు కోపగించుకున్నది వాళ్లమీద (యోబు 42:7).

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఒకసారి గొడవలో మా అత్తగారు "నీ కడుపు పండదు" అన్నారు. ఆ శాపం తగిలిందా? శాపం విరగ్గొట్టే ప్రత్యేక ప్రార్థనకు కానుక అడుగుతున్నారు.
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: తగల్లేదమ్మా. సామెతలు 26:2 పిచ్చుక వాలకుండా ఎగిరిపోయినట్టు "హేతువులేని శాపము తగులకపోవును" అంటుంది. మోయాబు రాజైన బాలాకు డబ్బిచ్చి పిలిపించిన బిలాము కూడా దేవుడు దీవించినవాళ్లను శపించలేకపోయాడు (సంఖ్యా 23). మీ అత్తగారి కోపానికి అంతకంటే ఎక్కువ బలం లేదు. కానుక ఇవ్వకండి.

ఆ మాట మనసుకు తగిలిన దెబ్బ మాత్రం నిజం. మీవారు మధ్యలో ఉండి ఆవిడతో మాట్లాడాలి. "ఆ మాట నాకు చాలా నొప్పి కలిగించింది అత్తయ్యా" అని మీరూ నెమ్మదిగా చెప్పవచ్చు. క్షమించడం అంటే నొప్పి లేదనడం కాదు. ఇంకొకటి: ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే (ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే) డాక్టరుకు చూపించుకోవాలి. ఇద్దరూ వెళ్లండి. మగవారికి చేసే వీర్యపరీక్ష తేలిక, దాన్నే అందరూ వాయిదా వేస్తారు.

ప్రశ్న: మాటకు అలాంటి శక్తి లేదంటే, పిల్లల్ని తిట్టినా ఫరవాలేదా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: అస్సలు కాదు. పిల్లల మనసు క్రుంగిపోతుందని కొలొస్సయి 3:21 తండ్రులనే పేరు పెట్టి హెచ్చరిస్తోంది. "లెక్కల్లో రెండు తప్పులు చేశావు, మళ్లీ చెయ్" అనండి, "నువ్వెందుకూ పనికిరావు" అనొద్దు. రాత్రి పడుకునే ముందు తలమీద చెయ్యి పెట్టి, సంఖ్యా 6:24–26 చెప్పండి. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని మొదలయ్యే ఆ మూడు వచనాలు నిమిషంలో అయిపోతాయి. అహరోను, అతని కుమారులు ఆ మాటలు పలికితే, దీవించేది నేనని 27వ వచనంలో దేవుడే అన్నాడు. తిట్టిన రోజున కూడా మానకండి, ముందు క్షమాపణ అడిగి ఆ తర్వాత దీవించండి.

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుకతో మాట రాదు, వినబడదు. బాప్తిస్మం కావాలంటున్నాడు. "నీ నోటితో ఒప్పుకొని" అని రోమా 10:9లో ఉంది కదా అని కొందరు సందేహిస్తున్నారు.
– ఒక సోదరుడు, రాజమండ్రి

జవాబు: సందేహం అక్కర్లేదు. హన్నా ప్రార్థనలో పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు (1 సమూయేలు 1:13). యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు, దేవుడు విన్నాడు. మాట పోయిన జెకర్యా, బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి, పలకమీద రాసి బిడ్డ పేరు చెప్పాడు. తమ్ముడు సైగలతో ఒప్పుకుంటే అది ఒప్పుకోలే. బాప్తిస్మానికి ముందు సైగభాష తెలిసినవారిని పాస్టరుగారి దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నలన్నీ అతనికి వివరించండి. ఊరికే తల ఊపమనకండి, జవాబు అతన్నే సైగలతో చెప్పనివ్వండి. నీళ్లలో దిగాక చేతులు తడిగా, పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒప్పుకోలు గట్టుమీదే, సంఘమంతా చూసేలా పూర్తి చేయండి.