ఇంజినీరు గారితో నా రెండు వాదనలు

అనుభవమున్న నిపుణుల మాట తప్పనిపిస్తే, వాళ్లని నొప్పించకుండా ఎలా చెప్పాలని అడిగారు. నేను ఒకసారి చెడగొట్టుకుని నేర్చుకున్నవాణ్ణి, ఆ సంగతే చెప్తాను.

మాది హైదరాబాద్‌లో మూసీ పక్కనున్న అత్తాపూర్. నీటిపారుదల పనుల్లో జీవితమంతా గడిపి రిటైరైన ఇంజినీరు గారొకరు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. 2020 అక్టోబరు వానలకు మాకు ఎగువనున్న హిమాయత్ సాగర్ జలాశయం గేట్లు ఎత్తారని తెలిసి అందరం టెన్షన్‌తో కింద చేరాం. ఆయన ఓపిగ్గా మొదలుపెట్టారు: "1908 వరద తర్వాత మూసీ మీద రెండు జలాశయాలు కట్టారు..." నేను మధ్యలోనే అందుకున్నాను. "రెండూ మూసీ మీద కాదు సార్! 1920 నాటి గండిపేట మూసీ మీద, 1927 నాటి హిమాయత్ సాగర్ ఈసీ మీద. మీకు తెలియనిదా!"

నేనన్నది నిజమే. ఈసీ వచ్చి మూసీలో కలిసేది లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర. ఆయనకు అది తెలియకపోవడమేమిటి, ఏదో మాటవరసకు అన్నారు. "అవును బాబూ" అని ఊరుకున్నారు. గేట్లు ఎత్తాక నీళ్లు మా దాకా ఎంతసేపట్లో వస్తాయో చెప్పబోయారట. ఆ రాత్రి మాకు కావలసింది అదే.

"మీకు తెలియనిది కాదు" అని నెమ్మదిగా అంటే గౌరవం, నలుగురిలో గొంతు పెంచి అంటే వెటకారం. "మీరు పెద్దవారు, కానీ" అన్నా అంతే, ఆ "కానీ" దగ్గరే అవతలివాళ్ల మొహం మారిపోతుంది. ఇలాంటి పూతలకంటే చూసింది చూసినట్టు చెప్పడమే నయం.

మరుసటి ఏడాది సెల్లార్‌లో నీళ్లు చేరాయి. భూమిలోంచి ఊట అన్నారాయన. నాకు నమ్మకం కుదరలేదు. ఈసారి సాయంత్రం వాళ్లింటికే వెళ్లి ఫోన్‌లో వీడియో చూపించాను. "సార్, మొన్న రాత్రి పదకొండింటికి వాన పడుతుంటే డ్రైనేజీ పైపులోంచి నీళ్లు వెనక్కి తన్నాయి. ఊటయితే ఇలా వస్తుందా?"

కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. "ఇది నేను చూడలేదయ్యా. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పైపుకి లేనట్టుంది." నన్ను వెంటబెట్టుకుని సెల్లార్‌లోకి దిగి, పైపుకి దూరంగా గోడ అంచున నేల చూపించారు. వాన ఆగి రెండు రోజులైనా అక్కడ చెమ్మ ఆరలేదు. అంటే ఊటా ఉంది, నేను సగమే రైటు.

వాల్వ్ పెట్టించాం. గేట్ల సంగతి అడగడానికి మాత్రం నాకింకా మొహం చెల్లడం లేదు.