కారు అద్దం వెనక కందిరీగల పట్టు

ప్రశ్న: మా అబ్బాయి విదేశానికి వెళ్లినప్పటి నుంచి అతని కారు మా పెరట్లో వేపచెట్టు కింద కదలకుండా ఉంది. వచ్చే వారం బంధువుల ఇంట పెళ్లికి దానిని తీద్దామని చూస్తే, కుడివైపు తలుపు బయట వెనక వచ్చే బళ్లను చూసుకునే అద్దం వెనక నుంచి కందిరీగలు వచ్చిపోతున్నాయి. పెట్రోలు మూత దగ్గర కూడా రెండు మూడు తిరుగుతున్నాయి. కర్రకు గుడ్డ చుట్టి అంటించి కాల్చేయమని పక్కింటివారు అంటున్నారు. అలా చేయవచ్చునా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాగడా ఆలోచనను ముందుగా మానుకోండి. పెట్రోలు మూత దగ్గర నిప్పు ఎందుకు కూడదో వేరే చెప్పనక్కరలేదు. అద్దం చుట్టూ ఉన్నది కూడా ప్లాస్టిక్కే కాబట్టి, పట్టుతో పాటు కారు కూడా అంటుకుంటుంది.

అవి ఏ జాతివో తేల్చుకోవడం తరువాతి పని. పగటివేళ నాలుగైదు గజాల దూరం నుంచి చూడండి. సన్నని నడుము, ఎగిరేటప్పుడు కిందికి వేలాడే పొడవాటి కాళ్లు ఉంటే అవి కందిరీగలే. ఇవి ఎండు కొయ్య పీచును నమిలి, లాలాజలంతో కలిపి, కాగితం వంటి పదార్థంతో గదులు కడతాయి. సన్నని కాడకు వేలాడే ఆ పట్టు తలకిందులు చేసిన తామరకాయలా కనిపిస్తుంది. అలా కాకుండా, పొట్ట మీద వెడల్పాటి పసుపు పట్టీ ఉన్న పెద్ద కడజులు కనిపించి, గూడు చుట్టూ కాగితపు పొర కప్పి ఉంటే, దాని జోలికి మీరు వెళ్లకుండా పురుగుల నివారణ పని చేసేవారిని పిలిపించండి. తేనెటీగల గుంపు బానెట్ మీద వచ్చి వాలితే, అది చాలాసార్లు కొత్త చోటు వెతుక్కుంటూ మధ్యలో ఆగినదే అయివుంటుంది. ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే లేచిపోతుంది కనుక కదిలించకపోవడం మేలు.

మీరు రాసినదానిని బట్టి మీ కారులో ఉన్నది చిన్న కందిరీగల పట్టే అనిపిస్తున్నది. వాన తగలని, ఎవరూ కదిలించని బోలు చోటు వాటికి కావాలి; నిలిపి ఉంచిన కారులో అద్దం వెనక భాగం, పెట్రోలు మూత లోపలి గూడు, తలుపు సందు, బంపరు వెనక అలాంటివే. చీకటి పడ్డాక ఈగలన్నీ పట్టు మీదికి చేరి మందకొడిగా ఉంటాయి కాబట్టి, రాత్రి గానీ, తెల్లవారుజామున వెలుగు రాకముందు గానీ పని పెట్టుకోండి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, చేతి తొడుగులు వేసుకొని, ముఖానికి పలుచని గుడ్డ చుట్టుకోండి. ఎర్ర రంగు వాటికి సరిగా కనిపించదు కనుక టార్చికి ఎర్ర కాగితం కట్టుకోవడం మంచిది.

అద్దం లోపలికి చెయ్యి పట్టదు. అందువల్ల మందపాటి ప్లాస్టిక్ సంచిని అద్దం మొత్తానికి తొడిగి, మూతిని తాడుతో బిగించి కట్టి, మరునాడంతా కారును ఎండలో ఉండనివ్వండి. పెట్రోలు మూతను లోపలి మీటతో తెరిచి, పక్కకు నిలబడి, గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపిన నీళ్లను పిచికారీతో పట్టు తడిసిపోయేలా కొట్టండి. అవి ఊపిరి తీసుకునే రంధ్రాలను ఆ నీరు మూసివేస్తుంది. ఈ పని చేయకుండా బంకుకు వెళితే, కుట్టించుకునేది పెట్రోలు పోసే కుర్రవాడు. దోమల స్ప్రే డబ్బాలలోని వాయువుకు మంట అంటుకునే గుణం ఉన్నది కనుక వాటిని ఇక్కడ వాడకండి. ఈగలు చచ్చాక పట్టును కర్రతో గీకివేసి, ఆ చోటును సబ్బునీటితో కడగండి. బయట మిగిలిపోయిన ఒకటి రెండు ఈగలు మరునాడు వెతుక్కుంటూ వస్తాయి; అందుకు భయపడనక్కరలేదు.

కారు నడుపుతుండగా ఒక ఈగ లోపల కనిపిస్తే చేత్తో కొట్టబోకండి. బండిని పక్కకు ఆపి, కిటికీ అద్దాలన్నీ దించితే వెలుతురు వైపు వెళ్లిపోతుంది.

ఒకవేళ కుడితే, కందిరీగ ముల్లు శరీరంలో ఉండిపోదు కనుక గిల్లి వెతకవద్దు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్కను పెట్టండి. మన ఇళ్లలో సున్నం రాసే అలవాటు ఉన్నది. అది చర్మాన్ని కాల్చగలదు, మానుకోండి. ఆయాసం, గొంతు లేదా ముఖం వాపు, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే ఒక్క కాటే అయినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. చాలా ఈగలు కుట్టినవారికి మొదట బాగానే ఉన్నా, తరువాతి రోజుల్లో మూత్రం తగ్గినా, ముదురు రంగులోకి మారినా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అర్థం, ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: మా కారు తలుపు తాళం రంధ్రంలో ఏదో పురుగు మట్టి పూడ్చి గూడు కట్టింది. ఇది కూడా కుడుతుందా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అది కుమ్మరి పురుగు, అంటే మట్టితో గూడు కట్టే ఒక రకం కందిరీగ. గుంపుగా బతకదు, గూటిని కాపాడుకోవడానికి మీదపడదు. చేత్తో నలిపితే తప్ప కుట్టదు. సాలీడునో, గొంగళిపురుగునో కుట్టి, చచ్చుబడేలా చేసి, పిల్లకు తిండిగా ఆ మట్టి గదిలో పెట్టి మూసివేస్తుంది. పురుగు వల్ల హాని లేకపోయినా, ఆ మట్టి వల్ల ఉండవచ్చు. 1996లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి బయలుదేరిన ఒక బోయింగ్ 757 విమానం కూలి 189 మంది మరణించినప్పుడు, వేగాన్ని కొలిచే గొట్టంలో ఇలాంటి పురుగు కట్టిన గూడే కారణం కావచ్చునని అనుమానించారు. కారులో అంత ప్రమాదం లేదు కానీ, తాళం రంధ్రంతో పాటు ఏసీ నీరు బయటికి పోయే గొట్టాన్నీ, పొగగొట్టాన్నీ ఒకసారి చూసుకోండి. ఎండిన మట్టిని గీకితే రంగు మీద గీతలు పడతాయి కాబట్టి, బయట ఉన్నదానిని తడిగుడ్డతో నానబెట్టి తుడవండి; రంధ్రంలో ఉన్నదానిని మాత్రం తడపకుండా సన్నని పుల్లతో కొంచెం కొంచెంగా రాల్చండి.