పాఠకుల ప్రశ్నలు: నలభై రెండేళ్లకు సర్కస్‌లో చేరవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేము నెల్లూరు నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో స్థిరపడి పదిహేనేళ్లయింది. నాకు నలభై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు సిజేరియన్, బరువు 76 కిలోలు. మా వీధి చివరి హాల్లో ప్రతి ఆదివారం ఉదయం కొందరు ఆడవాళ్లు చేరి సర్కస్ విద్యలు నేర్చుకుంటున్నారు. రెండు వారాలు కిటికీలోంచి చూశాను, మూడో వారం వాళ్లే లోపలికి రమ్మన్నారు. చేరాలని చాలా ఉంది. కాని ఈ బరువుతో నన్నెవరు ఎత్తగలరు? పైగా మా అత్తగారు "ఈ వయసులో దొమ్మరి గడ ఎక్కుతావా?" అని నొచ్చుకున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: చేరండి. మిమ్మల్ని ఎవరు ఎత్తగలరని మీరు దిగులుపడుతున్నారు, నేనైతే మీరు ఎందరిని ఎత్తగలరో చూడాలని ఉత్సాహపడుతున్నాను. పిరమిడ్ కట్టినప్పుడు చూసేవారి కళ్లన్నీ పైనున్న మనిషి మీదే ఉంటాయి గాని, ఆమె నిలవడమూ జారడమూ కిందనున్న మనిషి చేతుల్లో ఉంటుంది. కింద మోసే ఆమెను బేస్ అనీ, పైకెక్కే ఆమెను ఫ్లయర్ అనీ, పక్కన నిలబడి పడకుండా కాపు కాసే ఆమెను స్పాటర్ అనీ పిలుస్తారు. స్త్రీలే నడుపుకునే బృందాలలో గట్టి తొడలూ వెడల్పాటి భుజాలూ ఉన్న బేస్ దొరకడం అదృష్టం కిందే లెక్క.

నేను ముప్పై ఎనిమిదో ఏట ఇటువంటి బృందంలోనే చేరాను. మొదటి రోజు నాకు నేర్పిన విద్య, చేతులూ మోకాళ్లూ నేలకు ఆన్చి బల్లలాగా ఉండడం. చూడడానికి అదొక విద్యలాగే కనిపించదు. అరచేతులు సరిగ్గా భుజాల కిందికి, మోకాళ్లు సరిగ్గా తుంటి కిందికి రావాలి, నడుము ఊయలలాగా కిందికి జారకూడదు. ఆ తర్వాత మరొకామె నా మీదికెక్కి, తన మోకాళ్లను నా తుంటి ఎముకల మీద, అరచేతులను నా భుజాల మీద ఆనించింది. వెన్ను మధ్యలో మాత్రం ఎవరూ బరువు వేయకూడదు, అక్కడ కింద ఆనిక లేదు. ఆమె బరువు నా చేతుల గుండా, తొడల గుండా నేరుగా నేలలోకి దిగిపోతున్నట్టు తోచిందే తప్ప నేను మోస్తున్నట్టు అనిపించలేదు. దిగేటప్పుడు "దిగుతున్నాను" అని చెప్పి, ఎక్కిన వరుసకు ఎదురు వరుసలో, ఒక్కొక్క కాలే నేలకు ఆన్చి దిగాలి. పైనుంచి గెంతడం ఎంత సరదాగా ఉన్నా చేయకూడదు.

ఇక ఆరోగ్యం సంగతి. చేరే ముందు ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. దగ్గినా, తుమ్మినా, గెంతినా మూత్రం చుక్కలు పడుతున్నాయా, కాన్పుల తర్వాత పొట్ట కండరాల మధ్య ఎడం మిగిలిందా అన్నవి చూపించుకోవాలి. వీటి గురించి మనవాళ్లు తల్లికైనా చెప్పుకోరు, అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను. ఉన్నా భయపడనక్కరలేదు, వాటికి తగిన వ్యాయామాలున్నాయి, అవి కుదిరేదాకా గెంతులూ పెద్ద బరువులూ వాయిదా వేస్తే చాలు. అదుపులో లేని రక్తపోటు, నీటికాసులు (గ్లకోమా), రెటీనా జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా తలకిందుల విద్యల జోలికి పోకూడదు, ఎందుకంటే తల కిందికి వంగినప్పుడు కంటిలోని ఒత్తిడి పెరుగుతుంది.

మొదటి నెలలో మీకు ఏం నేర్పుతున్నారో గమనించండి. మంచి శిక్షకురాలు ఎక్కడం కంటే ముందు పడడం నేర్పుతుంది. పడబోయినప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనించడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, మణికట్టు విరిగేది చాలాసార్లు అలాగే. దానికి బదులు గడ్డాన్ని ఛాతీకి ఆన్చి, భుజం మీదుగా ఒరిగి దొర్లడం శరీరానికి అలవాటయ్యేదాకా చేయించాలి. మన చెన్నైలో దీనికి ఎలియట్స్ బీచ్ ఇసుక కంటే మంచి పరుపు లేదని నా అనుభవం, ఎండ రాకముందే వెళ్లాలి. ఇక్కడి ఉక్కకు అరచేతులు ఇట్టే చెమరుస్తాయి, కాబట్టి కడ్డీ పట్టుకునే విద్యలకు ముందు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకోవడం తప్పనిసరి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసి వెళ్లాలి. మెట్టెలు తీయడానికి మనసొప్పక వాటి మీద ప్లాస్టర్ చుట్టుకుని వచ్చేవారు మా బృందంలో ఇద్దరున్నారు. నేల మీద చేసే విద్యలకు అది సరిపోతుంది గాని, ట్రపీజు, అంటే తాళ్లకు వేలాడే కడ్డీ, ఎక్కేటప్పుడు సరిపోదు. నల్లపూసలు మాత్రం మెడలో ఉంచుకోనే కూడదు, చిక్కుకుంటే ప్రమాదం.

బంతులు ఎగరేయడం గురించి మీరు అడగలేదు గాని, చిన్నప్పుడు అచ్చెనగండ్లు ఆడి ఉంటే మీకు సగం వచ్చినట్టే. ఇంట్లో మంచానికి ఎదురుగా నిలబడి సాధన చేయండి, జారిన బంతి పరుపు మీదే పడుతుంది, ప్రతిసారీ నడుము వంచక్కరలేదు.

మీ అత్తగారి మాట దగ్గర కొంచెం ఆగాలి. దొమ్మరి అన్నది ఒక జాతి పేరు, తిట్టు కాదు. డోలు మోగుతుండగా గడ ఎక్కి ఆడిన స్త్రీకి మన భాషలో గడసాని అనే పేరే ఉంది, అంటే మన నేల మీద ఈ విద్యలో ఆడవాళ్లు ఎంత పాతవారో చూడండి. ఆమె ఆ ఎత్తున చేసిన సాహసానికి ఊరంతా చప్పట్లు కొట్టి, ఆట ముగిశాక ఆమె పేరునే ఆడపిల్లలను తిట్టడానికి వాడుకుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కంపెనీ నడిపి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుంటే మాత్రం మనమే కలియుగ భీముడని నెత్తిన పెట్టుకున్నాం. ఈ తేడా నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఇదంతా అత్తగారితో వాదించమని చెప్పడం లేదు. వచ్చే ఆదివారం ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మా బృందంలో అలా చూడడానికి వచ్చిన ఒక పెద్దావిడ ఇప్పుడు చేతులతో తాళం కొడుతూ మాకు లెక్క చెబుతున్నారు.

ప్రశ్న: నేను వేళచ్చేరిలో ఉంటూ చదువుకుంటున్నాను. ఏరియల్ సిల్క్స్ గుడ్డ, అంటే పైనుంచి వేలాడదీసి దాన్ని పట్టుకుని ఎక్కి విద్యలు చేసే పొడవాటి గుడ్డ, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. గదిలో ఫ్యాన్ కొక్కేనికి కట్టి సాధన చేయవచ్చా?
- ఒక విద్యార్థిని

జవాబు: వద్దమ్మా. ఆ కొక్కెం నాలుగైదు కిలోల ఫ్యాన్‌ను మోయడానికి బిగించినది. గుడ్డ మీద నువ్వు కదలకుండా వేలాడినప్పుడు పడేది నీ బరువే అయినా, జారి ఒక్క ఉదుటున ఆగినప్పుడు దానికి కొన్ని రెట్లు పడుతుంది. సివిల్ ఇంజినీరు చూసి ఒప్పుకున్న దూలం, ఎంత బరువుకు తట్టుకుంటాయో ముద్రించి ఉన్న కొక్కేలు, గుడ్డ మెలిపడకుండా తిరిగే స్వివెల్, కింద దట్టమైన పరుపు, పక్కన తెలిసిన మనిషి, ఇవన్నీ ఉన్న చోటే ఎక్కు. అంతవరకు ఆ గుడ్డను మడిచి పెట్టుకుని, పట్టు బలం పెంచుకో.

ప్రశ్న: నాకు ఎవరైనా హఠాత్తుగా ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. కారణం ఇక్కడ రాయలేను. సర్కస్ సాధనలో ఒకరినొకరు పట్టుకోక తప్పదు కదా, నాలాంటివారు చేరవచ్చా?
- పేరు ప్రచురించవద్దు

జవాబు: మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను. స్త్రీల సర్కస్ అన్న ఆలోచన బలపడినదే మీలాంటివారి కోసం అని మీకు తెలియాలి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో, ఫుట్స్‌క్రే ప్రాంతంలో, 1991లో డోనా జాక్సన్ అనే నాటక దర్శకురాలు విమెన్స్ సర్కస్‌ను మొదలుపెట్టింది. లైంగిక హింసకు గురైన స్త్రీలు తమ శరీరాన్ని మళ్లీ తమదిగా చేసుకోవడానికి అది వేదిక కావాలన్నది ఆమె తలంపు. ఎన్నడూ వ్యాయామం ఎరగని వారు కూడా అందులో చేరి, నేర్చుకుని, ప్రదర్శనలిచ్చారు.

కాబట్టి చేరవచ్చు, అయితే చోటును చూసి చేరండి. ముట్టుకునే ముందు "ఇక్కడ చెయ్యి వేయనా?" అని అడగడం, వద్దంటే కారణం అడక్కుండా ఆగిపోవడం అక్కడి అలవాటో కాదో ఒక తరగతి బయట కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. మొదటి రోజే శిక్షకురాలిని పక్కకు పిలిచి, "వెనక నుంచి పట్టుకోకండి, ముందు చెప్పి పట్టుకోండి" అన్న ఒక్క వాక్యం చెప్పండి, అంతకు మించి చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. బంతులు, రింగులు, కర్రకాళ్ల నడక వంటివి శిక్షణలో ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలా వరకు ఎవరి చెయ్యీ తగలకుండానే నేర్చుకోవచ్చు. కర్రకాళ్ల మీద మొదటి అడుగులకు గోడో కమ్మీయో పట్టుకోనిమ్మని అడగండి. ఆరు నెలలు అవే చేసినా మీరు సర్కస్ మనిషే. ఆపైన ఎప్పుడైనా మీకు అనిపిస్తే, మీరు ఎంచుకున్న ఒక్కరితో, ఎదురెదురుగా నిలబడి మణికట్లు పట్టుకుని వెనక్కి వాలే విద్యతో మొదలుపెట్టండి. అందులో ఇద్దరి ముఖాలూ ఇద్దరికీ కనిపిస్తూ ఉంటాయి.