బిళ్ళగన్నేరు మందుకూ రాలిన వెంట్రుకలకూ ఏం సంబంధం?

ప్రశ్న: మా చిన్నాయనకు లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని వరంగల్‌ల మందు ఎక్కిస్తున్నరు, రెండు డోసులైనయ్. మెడ కాడ గడ్డ తగ్గింది గానీ నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు, నోరంతా పుండ్లు, తెల్ల కణాలు పడిపోయినయని మూడో డోసు వారం వెనక్కి జరిపిన్రు. గడ్డ ఒక కాడ ఉంటే వెంట్రుకలకేమైంది? ఇంకోటి, ఆ మందు బిళ్ళగన్నేరు నుంచే తీస్తరట కదా, మా వాకిట్ల రెండు చెట్లున్నయ్, ఆకు రసం తాగిస్తే అయితదా? (ఒక అక్క, నర్సంపేట)

జవాబు: అక్కా, ముందు రెండోదానికి చెప్త, ఆకు రసం అస్సలు తాగించకుండ్రి. ఎందుకో తెల్వాలంటే కణం ఎట్ల రెండైతదో కొంచెం చూడాలె.

కణం ఊకెనే చీలిపోదు. ముందు తిండి తీసుకొని పెరుగుతది, తర్వాత తన 46 క్రోమోజోములకు అచ్చం జతలు చేసుకుంటది. ఒక్క కణంల ఉన్న డీఎన్ఏని సాగదీస్తే దాదాపు 2 మీటర్లు, అదంతా మళ్ల ఇంకోసారి రాసుకోవాలె. ఆఖరికి పంపకం. అప్పుడు కణం లోపల సన్నటి ప్రొటీన్ పోగులు పుట్టి, మన వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద దర్రీకి పోగులు బిగించినట్టు ఆ కొస నుంచి ఈ కొసకు బిగుసుకొని, క్రోమోజోముల జంటల్ని విడదీసి చెరో దిక్కు గుంజుతయ్. ల్యాబుల పెంచే మనిషి కణానికి ఈ మొత్తం పనికి సుమారు ఒక రోజు పడ్తది, అండ్ల పంపకం గంట సేపే. క్రోమోజోములు దారాల లెక్క కనపడ్డయని జర్మనీ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ (పెన్సిలిన్ ఫ్లెమింగ్ వేరే మనిషి) 1882ల దీనికి మైటోసిస్ అని పేరు పెట్టిండు, గ్రీకుల మైటోస్ అంటే దారమే.

నాకైతే కణం రెండు కావుడు కన్నా ఆగుడే పెద్ద విషయం అనిపిస్తది. కత్తిపీటకు వేలు తెగితే అంచుల కాడి కణాలు పెరిగి గాయం పూడుస్తయ్, పూడినంక ఆగుతయ్. డీఎన్ఏల తప్పుంటే కూడా ఆపి సరి చేసుకుంటయ్, సరి కాకపోతే ఆ కణం తనంత తానే చచ్చిపోతది. ఈ బ్రేకులు పోయిన కణమే క్యాన్సర్ కణం.

ఇగ మందు సంగతి. చానా వరకు కీమో మందులకు ఏది క్యాన్సర్ కణమో ఏది మంచిదో తెల్వది, రెండయ్యే పనిల ఎవరుంటే వాళ్లను కొడ్తది. వెంట్రుక కుదురుల కణాలు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ (రక్త కణాలు పుట్టేది అండ్లనే), ఈ మూడూ రాత్రింబవళ్లు విభజన చేస్తనే ఉంటయ్, ఎర్ర కణాలే సెకనుకు 20 లక్షల దాకా పుట్టాలె. చిన్నాయనకు సరిగ్గా ఆ మూడు కాడల్నే దెబ్బ తగిలింది చూడు. డోసుకూ డోసుకూ మధ్య వారాలు ఆగేది మజ్జ కోలుకోవాలని, వెనక్కి జరిపిన్రంటే భయపడేది లేదు.

బిళ్ళగన్నేరు నుంచి వచ్చే వింక్రిస్టిన్ ఆ గుంజే పోగుల్నే కట్టనియ్యది, కణం పంపకం మధ్యల ఇరుక్కొని చచ్చిపోతది. నరాలల్ల కూడా అసొంటి పోగులే ఉంటయ్, అందుకే కొందరికి వేళ్లు తిమ్మిర్లెక్కుతయ్, మలబద్ధకం అయితది, అట్లుంటే డాక్టర్‌కు చెప్పాలె. అసలు ఈ గుణం బయటపడ్డదే అనుకోకుండ: 1950లల్ల కెనడాల రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకు షుగర్ తగ్గిస్తదేమో అని ఎలుకలకిచ్చి చూస్తే షుగర్ తగ్గలే, తెల్ల కణాలు పడిపోయినయ్. చిన్నాయనకు ఇప్పటికే తక్కువున్నయ్ అవే కదా! ఒక్క గ్రాము వింక్రిస్టిన్‌కు వందల కిలోల ఎండాకు కావాలె, దాన్ని శుద్ధి చేసి, మిల్లీగ్రాముల లెక్కన కొలిచి, రక్తనాళంలకే ఎక్కిస్తరు. రసంల ఏ విషం ఎంతుందో ఎవలు కొలుస్తరు? ఇప్పటికే తాగిచ్చి ఉంటే దాచకుండ డాక్టర్‌కు చెప్పున్రి.

తెల్ల కణాలు లేచేదాకా జ్వరం 100.4 దాటితే పొద్దుగాల చూద్దామనుకోకుండ రాత్రైనా సరే దవాఖానకు తీస్కపోండ్రి. నోటి పుండ్లకు కారం తగ్గించి మెత్తటి అన్నం, గోరువెచ్చని ఉప్పు నీళ్లతోని పుక్కిలింపు. వెంట్రుకలు ఎక్కువ మందికి మందు అయిపోయిన కొన్ని వారాలకు మొలుస్తయ్, మొదట్ల ఉంగరాలు తిరిగినట్టు వస్తే పరేషాన్ కాకుండ్రి.